నీళ్ల కింద మన విజయపురి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఉర్దూ మీడియంలో భూగోళాన్ని జుగ్రాఫియా అంటాం, చరిత్రను తారీఖ్ అంటాం. పిల్లలకు మాత్రం తారీఖ్ అంటే క్యాలెండరులో తేదీ ఒక్కటే! మొన్న క్లాసులో "మన ప్రాంతంలో పాత రాజధాని ఏది?" అని అడిగాను. "గోల్కొండ" అన్నారు. "అంతకన్నా పాతది?" అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. తప్పు వాళ్లది కాదు, చెప్పని మాది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన మిర్యాలగూడకు నైరుతిన, కృష్ణ కుడి ఒడ్డున ఒక లోయ ఉండేది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు నది. శత్రువు రావడం కష్టం, పడవ రావడం సులువు. శాతవాహనుల తరువాత, సుమారు 1700 ఏళ్ల కిందట, ఇక్ష్వాకు రాజులు అక్కడ విజయపురిని రాజధాని చేసుకున్నారు. కోట, రాతిమెట్ల స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న క్రీడారంగం, ఎన్నో విహారాలు. సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారం. రోము నాణాలు కూడా దొరికాయి.

రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే ఇల్లు, రెండు దారులు. ఆ వంశపు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్టమీద దొరికింది. అంటే ఆ నగరానికీ మన ఊళ్లకూ సంబంధం నేటిది కాదు.

1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగించారు. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదా, అనుపు దగ్గరా తిరిగి నిలిపారు. మిగిలినది నీటిపాలయింది. అక్కడి పల్లెలవాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలిపోయారు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు పండాయి, రైసు మిల్లులు లేచాయి. ఆ మిల్లుల్లో, లారీలమీద మనవాళ్లెందరో బతుకుతున్నారు. మన కంచంలో అన్నం వెనుక ఒక నగరం మునిగి ఉన్నది.

"బౌద్ధుల ఊరితో మనకేం పని మాస్టారూ?" అని ఒక పెద్దాయన అడిగారు. నేనన్నాను: "చాచా, ఈ నీళ్లు తాగుతున్నాం, రేపు ఈ మట్టిలోనే పడుకుంటాం. ఇక్కడి తారీఖ్ మాది కాదు అని మన నోటితో మనమే అంటే, రేపు ఎవరైనా ఈ ఊరు మీది కాదంటే ఏం జవాబు చెబుతాం?" ఆయన మరి మాట్లాడలేదు.

కనుక నా మనవి ఒక్కటే. ఈ ఏడు మన పిల్లలను ఒక బస్సులో సాగర్ తీసుకుపోదాం, లాంచీ ఎక్కించి కొండమీది మ్యూజియం చూపిద్దాం. ఆడపిల్లలనూ పంపండి. తల్లులు టిఫిను డబ్బాలు కడితే చాలు, పాఠం నేను చెబుతాను.

సెలవు. ఖుదా హాఫిజ్.