పెనుకొండ రాళ్లు చెప్పే సంగతులు

బెంగళూరు రహదారి మీద వెళ్లేవాళ్లకు ఇప్పుడు పెనుకొండ అంటే కియా కార్ల ఫ్యాక్టరీయే. కాస్త పక్కకు తిరిగి ఊళ్లోకి వస్తే కొండను చుట్టుకున్న కోట కనిపిస్తుంది. ఒకప్పుడు దీని పేరు ఘనగిరి.

విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయలు ఈ సీమను కొడుకు వీర విరుపణ్ణకు అప్పగించాడు. కోట ఉత్తర ద్వారం దగ్గరి శాసనం ఆ కాలానిదే. చాలామంది దాన్ని చూడకుండానే లోపలికి వెళ్లిపోతారు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో దక్కను సుల్తానుల చేతిలో ఓడాక తిరుమలరాయలు ఖజానాతో సహా ఇక్కడికే చేరాడు. చివరికి రాజధానినే ఇక్కడికి మార్చాడు. తర్వాత వెంకటపతిరాయల కాలంలో అది చంద్రగిరికి తరలింది.

కోటలోని గగన్ మహల్ ముందు తీరిగ్గా నిలబడండి. కింద మసీదు తరహా కమానులు, పైన గుడి గోపురంలా అంతస్తులుగా లేచిన శిఖరం. సుల్తానులతో పోరు ఒకపక్క సాగుతూనే ఉంది, వాళ్ల కమాను మాత్రం రాయలవారి మేడలోకి దర్జాగా వచ్చేసింది!

దగ్గర్లోని రామాలయం గోడల మీద రామాయణ ఘట్టాలు చెక్కారు. పచ్చరాతి పార్శ్వనాథుడి జైన బసది, షేర్‌ఖాన్ మసీదు, మతభేదం లేకుండా జనం వచ్చే బాబయ్య దర్గా అన్నీ ఈ ఊళ్లోనే. విజయనగర మంత్రి తిమ్మరుసును బంధించిన చోటంటూ ఒక కట్టడం కూడా చూపిస్తారు. అది జనం నోటి మాట. శాసనంతో సమానంగా నేను లెక్కించను.

కొండమీది నరసింహస్వామి గుడికి వెళ్లాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కితే ఆ బండల మీద నడవలేరు.