తల్లి ఉన్న అనాథలు

ఒక హాస్టలు వార్డెను గారి పేర జరుగుతున్న సభ ఇది. అందుకని సేవ గొప్పతనం జోలికి పోను. సేవ గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న గురించే మాట్లాడతాను: లోపలికి ఎవరిని రానిస్తాం?

జర్మనీలో హాలే అనే ఊళ్లో 1695లో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె పేదపిల్లల కోసం మొదలుపెట్టిన పని పెద్ద అనాథాశ్రమం అయింది. చందాలతోనే సరిపెట్టుకోక, మందుల దుకాణం, అచ్చుకూటం పెట్టి ఖర్చులు రాబట్టారు. ఆ ఊరు మనకు పరాయిది కాదు. మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ పొత్తాలు 1746-47లో అచ్చయింది అక్కడే.

విద్యార్థిగా ఆ ఆశ్రమంలోనే కొన్నాళ్లు తలదాచుకున్న జార్జ్ ముల్లర్, 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక ఇంట్లో ఆడపిల్లల్ని చేరదీశాడు. అదే ఏడు ఆయన భార్య అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఓడెక్కిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలే తర్వాత మన నరసాపురం చేరాయి. 1870 నాటికి ముల్లర్‌కు ఆష్లీ డౌన్‌లో ఐదు భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు. ఎవరి ముందూ చేయి చాచలేదు, అప్పు చేయలేదు, వచ్చిన డబ్బుకు ఏటేటా లెక్కలు అచ్చువేశాడు. మన చర్చిల్లో ఆయన ప్రార్థనల కథలే వినిపిస్తాయి. నాకు ఆ లెక్కల పుస్తకం మీదే గౌరవం ఎక్కువ.

అప్పట్లో కొన్ని ఆశ్రమాల్లో చందాదారుల ఓట్లు సంపాదిస్తేనే బిడ్డకు చోటు. ముల్లర్ ఆ పద్ధతి ఒప్పుకోలేదు. కానీ ఆయన గుమ్మానికీ గడియ ఉంది: తల్లీతండ్రీ ఇద్దరూ పోయి ఉండాలి, పెళ్లైన దంపతుల బిడ్డ అయి ఉండాలి. వితంతువు కొడుక్కి చోటు లేదు. పెళ్లికాని తల్లి బిడ్డకూ లేదు. దేవుడి మహిమ ముందు, పిల్లల ఆత్మ తర్వాత, కడుపు ఆ తర్వాత అని ఆయన దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఆ నిజాయితీ మెచ్చుకుంటాను, ఆ వరస మెచ్చుకోను.

మన దగ్గర మిషనరీలు నడిపిన బోర్డింగు హాస్టళ్లు వేరే దారిన నడిచాయి. గుంటూరు, ఒంగోలు ప్రాంతాల్లో వాటిలో చదివిన మాల, మాదిగ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు ఉన్నారు. లేనిది ఊళ్లో బడి, ఇంట్లో బియ్యం. గంట కొడితే లేవడం, తోటపని, సాయంత్రం ప్రార్థన, మళ్లీ చదువు. వేసవి రాగానే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి. ఆ సెలవులే ఆ పద్ధతికి ప్రాణం అంటాను. పిల్లవాడు టీచరయ్యాడు, పిల్ల నర్సయింది, అయినా పేట మరవలేదు. క్రమశిక్షణ పేరిట బెత్తం ఎక్కువే ఆడింది, అదీ చెప్పాలి.

ఇవాళ కొన్ని హోముల్లో ఆ పద్ధతి తిరగబడుతోంది. తల్లి పొలంలో కూలికి వెళ్లి ఉంటుంది. దాతకు వెళ్లే ఫొటో కింద మాత్రం ‘అనాథ’ అని ఉంటుంది. ఆ ఒక్క మాటతో తల్లిని కాగితం మీద చంపేస్తున్నాం. 2015 బాలల న్యాయ చట్టం కూడా హోమును ఆఖరి దారిగానే చూస్తుంది. ముల్లర్ వారసులు సైతం 1958లో ఆ పెద్ద భవనాలు అమ్మేసి, చిన్న ఇళ్లకు మారారు.

ఈ సభలో చందా రాయబోయేవాళ్లు ఉన్నారు. రాయండి. రాసేముందు ఆ హోము వాళ్లను అడగండి: మొన్న సెలవులకు ఎంతమంది ఇళ్లకు వెళ్లారు? వెళ్లనివాళ్లు ఎందుకు వెళ్లలేదు? బస్సు ఛార్జీ లేక ఆగినవాళ్లుంటే, మీ చందా ముందు దానికే ఇవ్వండి.