పరాయి రిమోటు, మన పొగ
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను "ఇంజనీరువి కదా, పిల్లలకు స్ఫూర్తినిచ్చేలా నాలుగు మాటలు చెప్పు" అన్నారు. స్ఫూర్తి సంగతి పెద్దలు చూసుకుంటారు. నేను పొగ గురించి చెబుతాను. స్వర్ణోత్సవాలకు మనవాళ్లు హరిశ్చంద్ర కాటిసీను వేస్తున్నారని మీకు తెలుసు. దానికి పొగ కావాలన్నారు. రెండు పొగ యంత్రాలు వచ్చాయి, రెండిటికీ సరైన రిమోటు లేదు. సంక్రాంతి సెలవుల్లో ఆ రెండిటితో నేనూ, టెంట్ హౌస్‌లో పనిచేసే ఒక కుర్రాడూ నాలుగు సాయంత్రాలు కుస్తీ పట్టాం. ఆ కుర్రాడు మన బడిలోనే పది పాసయ్యాడు.

నాటకంలో పొగ కొత్తదేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించారు. ఆ రోజు మొదలుకొని సురభి వాళ్లు రంగస్థలం మీద చూపించని మాయ లేదు. మన ఊళ్లలో ఆడిన పద్యనాటకాలకు అంత హంగు ఉండేది కాదు. నిప్పుల మీద సాంబ్రాణి చల్లితే పొగ, కాగడా మీద గుగ్గిలం పొడి కొడితే మంట, అంతే. అయితే ఆ సాంబ్రాణి చల్లే మనిషికి నాటకం మొత్తం కంఠతా వచ్చి ఉండేది. ఎక్కడ చల్లాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పటి పొగ యంత్రంలో నిజానికి పొగే లేదు. లోపల ఒక అల్యూమినియం దిమ్మ, దాన్ని కాల్చే హీటరు, ఒక చిన్న పంపు, ఒక థర్మోస్టాట్ ఉంటాయి. గ్లైకాల్, నీళ్లు కలిపిన ద్రవాన్ని పంపు కొంచెం కొంచెంగా ఆ కాలిన దిమ్మలోకి తోస్తుంది. అది ఆవిరై బుస్సున బయటికి వచ్చి, చల్లగాలి తగలగానే సన్నటి తుంపరగా మారుతుంది. పుష్యమాసంలో మన మామిడి తోటల మీద తెల్లారగట్ల కనిపించే మంచుకు ఇది దగ్గరి చుట్టం. దిమ్మ సరిగ్గా కాలకముందు పంపు తిరిగితే పొగ రాదు, జిగట నీళ్లు కక్కుతుంది. అందుకే వేడెక్కాక దీపం వెలుగుతుంది, అప్పుడే మీట నొక్కాలి. ఆ మీట ఉండేది రిమోటు మీద. రిమోటు పోతే యంత్రం బతికే ఉంటుంది కానీ మాట వినదు.

టెంట్ హౌస్ వాళ్ల యంత్రానికి రిమోటు ఏదో పెళ్లిలో పోయిందట. ఏ పెళ్లో ఎవరికీ తెలియదు. అప్పట్నుంచి ఈ కుర్రాడు వైరు రిమోటు బదులు రెండు తీగలు బయటికి లాగి, పొగ కావాల్సినప్పుడల్లా ఆ రెండిటినీ కలిపేవాడు. చూసి నాకు నోట మాట రాలేదు. "షాకు కొట్టదురా?" అన్నాను. "చిన్నదే సార్, అలవాటే" అన్నాడు.

ఆ "అలవాటే" అన్న మాట విన్నాకే ఈ పనికి కూర్చున్నాను. పొగ లేకపోయినా హరిశ్చంద్రుడు కాటి కాపరే.

సంగతేమిటంటే, చవక రకం చిన్న యంత్రాల్లో వైరు రిమోటు అంటే బొమ్మ స్విచ్చు కాదు. గోడ బోర్డులోని 230 వోల్టులు నేరుగా ఆ చేతిలోని ప్లాస్టిక్ డబ్బాలోకి వచ్చి, మీట నొక్కితే పంపుకు వెళతాయి. డబ్బా పగిలినా, తీగ ఒరిసినా, చెమట చేత్తో పట్టుకున్నా అంతే సంగతులు. ఇక మన పెళ్లి పందిళ్ల వైరింగు మీకు చెప్పక్కర్లేదు. ప్లగ్గు ఉండదు. రెండు తీగలు కన్నాల్లో దోపి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. జనరేటరుకు ఎర్తు పాతరు. కింద తడిసిన తివాచీ.

ఇంకో తమాషా ఉంది. కొన్ని యంత్రాల వెనక రిమోటు గుచ్చే చోటు అచ్చం కంప్యూటర్ పవర్ తీగ గుచ్చే చోటులాగే ఉంటుంది. మూడు కాళ్లే, అదే ఆకారం. "సరిపోయింది కదా" అని ఇంకో యంత్రం రిమోటు తెచ్చి గుచ్చుతారు. ఆకారం కలిసిందని లోపలి తీగలు కలవాలని రూలు లేదు. ఒక దాంట్లో దీపానికి వెళ్లే కాలు, ఇంకో దాంట్లో పంపుకు వెళుతుంది. పరాయి రిమోటు గుచ్చి మీట నొక్కితే ఫ్యూజు పోవచ్చు, పంపు ఆగకుండా తిరగనూ వచ్చు. కాబట్టి గుచ్చి చూద్దాం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ప్లగ్గు పీకేసి, దిమ్మ చల్లారాక మూత తీసి, మీటరుతో ఏ కాలు ఎక్కడికి పోతుందో చూసి కాగితం మీద గీసుకోవాలి. మేం మొదటి సాయంత్రమంతా చేసింది ఇదే. ఆ కుర్రాడు గీసిన బొమ్మ నా బొమ్మకంటే శుభ్రంగా ఉంది.

రెండో యంత్రం బెజవాడ నుంచి అద్దెకు వచ్చింది. కాస్త పెద్దది, దానికి వైరు లేని రిమోటు ఉండాలి. దానితో వచ్చిన రిమోటు దానిది కాదు. చూడ్డానికి అదే, మీద అవే ఎ, బి, సి, డి మీటలు. వెనక 433.92 మెగాహెర్ట్జ్ అని కూడా రాసి ఉంది. నొక్కితే ఎర్రదీపం వెలుగుతోంది, యంత్రం మాత్రం ఉలకదు, పలకదు.

ఫ్రీక్వెన్సీ కలిస్తే చాలదు. ఒకే గదిలో ఇద్దరు మాట్లాడుతున్నా ఒకరిది తెలుగు, ఇంకొకరిది తమిళం అయితే ఎలా? యంత్రంలోని రిసీవరు మూత తీస్తే పి.టి. 2272 రకం చిప్పు కనిపించింది. దాని జోడీ 2262. ఈ జోడీకి ఎనిమిది చిరునామా కాళ్లు ఉంటాయి. ఒక్కో కాలిని ప్లస్‌కు కలపొచ్చు, మైనస్‌కు కలపొచ్చు, దేనికీ కలపకుండా వదిలేయొచ్చు. అంటే ఒక్కో కాలికి మూడు స్థితులు, మొత్తం 6561 చిరునామాలు. మన చేతిలోని రిమోటులో ఉన్నది 1527 రకం. దాని చిరునామా ఫ్యాక్టరీలోనే చెక్కేస్తారు, మార్చడానికి వీల్లేదు. అలాంటి రిమోటును గుర్తుపెట్టుకోవడం నేర్చిన రిసీవరు కావాలి. 2272కు నేర్చుకునే గుణం లేదు. తన చిరునామా తప్ప ఇంకేదీ దాని చెవికెక్కదు.

విజయవాడలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్టుకు వెళ్లి 2262 ఉన్న రిమోటు తెచ్చాం. భూతద్దం పెట్టి రిసీవరు కాళ్లు చదివి, రిమోటు కాళ్లను అదే వరసలో సోల్డరు చేశాం. అయినా పలకలేదు! కుర్రాడు నా వంక చూశాడు. ఇక్కడే చాలామంది "ఇది పనికిరాదు" అని పక్కన పడేస్తారు. చిరునామాతో పాటు వేగం కూడా కలవాలి. ఆ వేగాన్ని నిర్ణయించేది చిప్పు పక్కన ఉండే ఒక్క రెసిస్టరు. రిసీవరులో 820 కిలోఓములు ఉంటే రిమోటులో 4.7 మెగాఓములు ఉండాలి. 680 ఉంటే 3.3 ఉండాలి. మన రిసీవరులో 820, కొత్త రిమోటులో 3.3. ఆవగింజంత రెసిస్టరు. అది తీసి 4.7 వేసి నొక్కితే యంత్రం బుస్సుమంది. కుర్రాడు వేసిన కేకకు పక్క గదిలో పద్యం ఆగిపోయింది.

మూరెడు దూరంలో బాగానే పనిచేసింది కానీ, స్టేజీ ఆ చివరి నుంచి పనిచేయలేదు. ఇనప పెట్టెలో రిసీవరు పెడితే సిగ్నలు లోపలికి ఎలా వస్తుంది? ఏరియల్ తీగ బయటికి తీయాలి. ఈ ఫ్రీక్వెన్సీకి పొడవు 17.3 సెంటీమీటర్లు, తరంగంలో నాలుగో వంతు. ఇక్కడ దయచేసి శ్రద్ధగా వినండి. చవక రిసీవరు బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. కెపాసిటరు ఒకటి పెట్టి 230 వోల్టులనే కిందికి దించుతారు. అలాంటి బోర్డు నుంచి ఏరియల్ బయటికి తీస్తే, బయటికి వచ్చేది ఏరియల్ కాదు, కరెంటు తీగ. ఈ యంత్రంలో అదే ఉంది. ఆ బోర్డుకు కరెంటు ఇచ్చే భాగం తీసేసి, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న మంచి 12 వోల్టుల అడాప్టరు పెట్టి, అప్పుడే ఏరియల్ బయటికి తీశాం. ఇప్పుడు మైదానం గేటు దగ్గర నుంచి కూడా పలుకుతోంది.

మొదటి యంత్రానికీ ఇదే దారి. వైరు రిమోటు పూర్తిగా తీసేశాం. యంత్రం పక్కన ఒక ప్లాస్టిక్ పెట్టె, అందులో రిలే. 230 వోల్టులు ఆ పెట్టె దాటి రావు. మనిషి చేతిలో ఉండేది చిన్న బ్యాటరీ రిమోటు ఒక్కటే. రెండు పెట్టెలకూ ఒకే చిరునామా ఇచ్చాం కాబట్టి ఎ నొక్కితే చిన్న యంత్రం, బి నొక్కితే పెద్దది. పంపు తీగచుట్ట కనుక ఆపేటప్పుడు రిలే దగ్గర నిప్పురవ్వ వస్తుంది. దానికి అడ్డంగా ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరు వేశాం. బోర్డుకు ముందు 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే ఆర్.సి.సి.బి. పెట్టాం. అన్నిటికంటే ఖరీదు దానికే అయింది. అన్నిటికంటే అవసరమూ అదే.

2272లో రెండు రకాలున్నాయి. మీట నొక్కినంతసేపే పనిచేసేది ఒకటి, ఒకసారి నొక్కితే వేరే మీట నొక్కేదాకా ఆగనిది ఇంకొకటి. రెండోది సుఖం అని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆపమనే సిగ్నలు ఒక్కసారి అందకపోతే పొగ హాలంతా కమ్మేస్తుంది. చెయ్యి తీస్తే ఆగాలి, అంతే.

యంత్రాల పని అయిపోయిందనుకుంటే అసలు పేచీ హరిశ్చంద్రుడి దగ్గర వచ్చింది. ఆ వేషం వేస్తున్నది మనకు పాఠాలు చెప్పిన మాస్టారే. డెబ్భై దాటాయి. డి.వి. సుబ్బారావు గారి కాటిసీను వింటూ పెరిగిన గొంతు. "పొగ పెడితే నేను పాడను. గొంతు ఆరిపోతుంది" అన్నారు. పాతకాలం మనిషి చాదస్తం అని ఎవరో గొణిగారు. చాదస్తం కాదు. గ్లైకాల్ తేమను పీల్చుకునే పదార్థం. ఆ తుంపరలో నిలబడి రాగం తీస్తే గొంతు నిజంగానే పొడిబారుతుంది. కాటిసీనులో బలిజేపల్లి వారి పద్యాలతో పాటు జాషువా గారి పద్యాలు కూడా పాడతారు కదా, ఒక్కో పద్యానికి ఎంత ఊపిరి కావాలో పాడినవాళ్లకే తెలుసు.

రెండు పనులు చేశాం. పొగను వేడిగా వదిలితే పైకి లేచి ముఖానికి కొడుతుంది. చేపల ఐసు పెట్టె ఒకటి తెచ్చి, లోపల ఐసు ముక్కలు నింపి, పొగను అందులోంచి గొట్టం గుండా పోనిచ్చాం. చల్లబడిన పొగ నేల మీదే పాకుతుంది. మోకాళ్ల దాకా శ్మశానం, పైన మాస్టారి గొంతు హాయిగా. సినిమాల్లో వాడే డ్రై ఐస్ తెద్దామన్నారు కానీ, అది మైనస్ 78 డిగ్రీలది, చేతులు కాలుతాయి. పైగా దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు పల్లంలో చేరి నిలుస్తుంది. స్టేజీ ముందు నేల మీద కూర్చునేది చిన్నపిల్లలు. వద్దన్నాను.

రెండోది, మీట ఎవరి చేతిలో ఉండాలి? లైట్ల కుర్రాడి చేతిలో ఉంటే పద్యం మధ్యలో నొక్కేస్తాడు, తప్పు అతనిది కాదు, అతనికి పద్యం రాదు. నేను నొక్కుతానంటే నాకూ రాదు. చివరికి ప్రాంప్టరు చేతికిచ్చాం. ఆయన ముందు పుస్తకం ఉంటుంది. ఎక్కడ పద్యం అయిపోయి హార్మోనియం ఒక్కటే నడుస్తుందో అక్కడ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాడు. సున్నా దగ్గర నొక్కుతాడు, పద్యం ఎత్తుకోక ముందు వదిలేస్తాడు. వెనకటి సాంబ్రాణి మనిషి మళ్లీ వచ్చినట్టయింది. మొన్న రిహార్సల్ అయ్యాక మాస్టారు ఏమీ అనలేదు. గ్లాసుడు వేడినీళ్లు తాగి, "ఇంకోసారి మొదట్నుంచి" అన్నారు. మాకు అదే సర్టిఫికెట్టు.

రెండు యంత్రాల బొమ్మలూ గీసి పెట్టెల మూతల లోపల అంటించాం. అద్దె యంత్రం వెనక్కి పోతుంది, దానికి చేసిన మార్పు యజమానికి చెప్పి ఒప్పించాం. కుర్రాడికి సోల్డరింగ్ ఐరన్, మీటరు ఇచ్చాను. టెంట్ హౌస్‌లో మిగిలిన రెండు యంత్రాలు కూడా ఇలాగే మారుస్తానని తీసుకెళ్లాడు. మీలో ఎవరైనా ఊళ్లో ఫంక్షన్‌కు పొగ పెట్టించుకుంటుంటే, అతన్ని పిలిచి ఒకసారి తీగలు చూపించండి. మన రిలే పెట్టె, విడి రిమోటు సైన్సు ల్యాబ్‌లో రెండో బీరువాలో ఉంటాయి. తీసుకెళ్లేవాళ్లు రిజిస్టరులో సంతకం చేయండి. రిమోటుకు వేసేది 12 వోల్టుల 23ఎ బ్యాటరీ. కొత్తది ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి, రాత్రి పదకొండు గంటలకు తిరువూరులో ఎక్కడా దొరకదు.