చీకటి శక్తుల బేరం - మూల్యం ఎవరిది?

(మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంతరిక్ష యుద్ధాలు, మాయాశక్తులు, చీకటి సామ్రాజ్యాలు - ఈ కథలకీ స్త్రీల హక్కులకీ సంబంధం ఏమిటని మీలో కొందరు అడగవచ్చు. ఏ సమాజమైనా తన ఆశల్నీ భయాల్నీ కాలక్షేపం అని పేరు పెట్టుకున్న కథల్లోనే ఎక్కువగా దాచుకుంటుంది. అందుకే వీటిని తేలిగ్గా తీసిపారెయ్యకూడదని నా అభిప్రాయం.

ఈ కథల్లో ఒక బేరం ఉంటుంది. సమర్థుడైన నాయకుడి ముందు చీకటి శక్తి నిలబడి, నీకు కావలసింది నేనిస్తానంటుంది. అతను లొంగుతాడా, తట్టుకుంటాడా అన్న ఉత్కంఠే కథని నడిపిస్తుంది. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ బేరంలో మూల్యం చెల్లిస్తున్నది ఎవరు?

జార్జ్ లూకాస్ 'స్టార్ వార్స్' కథనే తీసుకుందాం. 2005లో వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ది సిత్'లో ఆనకిన్ స్కైవాకర్ చీకటి వైపు మళ్లేది డబ్బు కోసం కాదు. గర్భవతి అయిన భార్య పద్మే ప్రసవంలో చనిపోతుందని అతనికి కలలు వస్తాయి. మరణాన్ని ఆపే విద్య ఉందని పాల్పటీన్ ఆశ చూపిస్తాడు. భార్యని కాపాడుకోవడానికని లొంగినవాడు చివరికి ఆమె గొంతే నొక్కుతాడు. ఆమె కవలల్ని కని చనిపోతుంది. పద్మే మామూలు మనిషి కాదు. రాణిగా ఎన్నికైంది, సెనేటర్‌గా పనిచేసింది. అయినా తన ప్రాణం మీద జరిగిన బేరంలో ఆమె మాటకి చోటు లేదు. 1983 నాటి 'రిటర్న్ ఆఫ్ ది జెడై'లో ఆనకిన్ కొడుకుని కాపాడి పాపవిముక్తి పొందుతాడు. ఆమెకి అలాంటి రెండో అవకాశం ఉండదు.

మనకిది కొత్త కాదు. 1951లో కె.వి. రెడ్డి తీసిన 'పాతాళ భైరవి'లో రాజకుమారి కావాలంటే సంపద తెమ్మంటాడు రాజు. ఆ ఆశని పట్టుకునే నేపాళ మాంత్రికుడు తోట రాముడిని లొంగదీసుకోజూస్తాడు. తండ్రికీ ప్రియుడికీ మాంత్రికుడికీ మధ్య రాజకుమారి పందెంగానే మిగులుతుంది.

ఇక 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో, మన నగరంలోనే ఎక్కువ భాగం తయారైన సినిమా. అందులో కాశీ ఎండిపోయి ఉంటుంది. నీళ్లూ పచ్చదనమూ పైన కాంప్లెక్స్‌లో మాత్రమే ఉంటాయి. పది లక్షల యూనిట్లు ఉన్నవాళ్లకే అందులో ప్రవేశం. కాంప్లెక్స్ లోపల యువతులను బంధించి, గర్భవతులను చేసి, గర్భం నుంచి తీసిన సారంతో సుప్రీం యాస్కిన్ బలం పుంజుకోవాలని చూస్తాడు. అక్కడ స్త్రీలకు పేర్లుండవు, నెంబర్లే. తప్పించుకున్న సుమ్-80ని పట్టి తెస్తే కాంప్లెక్స్‌లో చోటు దొరుకుతుందన్నదే భైరవకి చూపిన ఆశ.

ఇదే సినిమాలో కురుక్షేత్రం చివర ఉత్తర గర్భం మీద అస్త్రం వేసిన అశ్వత్థామ, వేల ఏళ్ల తరువాత మరొక స్త్రీ గర్భాన్ని కాపాడి ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. అంటే పురుషుడి పతనానికీ స్త్రీ గర్భమే వేదిక, విముక్తికీ అదే వేదిక. మోసేవాళ్ల నిర్ణయం ఏమిటని అడగడానికి కథకి తీరిక లేదు.

ఇది కేవలం ఊహ అనుకుంటే పొరపాటు. 1985లో ఇక్కడికి దగ్గరలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ని పేద స్త్రీల మీద, ఏమిటో సరిగ్గా వివరించకుండా, ప్రయోగించబోయారు. స్త్రీ శక్తి సంఘటన మరికొందరితో కలిసి 1986లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్లలోని గిరిజన పిల్లలు చాలామంది. అనేక అంగీకార పత్రాల మీద సంతకాలు చేసింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు. ఆందోళనల తరువాత 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. ఎవరి శరీరం, ఎవరి సంతకం అన్నదే మన ప్రశ్న. చీకటి శక్తి ఎప్పుడూ నల్లటి ముసుగు వేసుకుని రాదు. అభివృద్ధి పేరుతో, పేదరిక నిర్మూలన పేరుతో, తెల్లకోటు తొడుక్కుని కూడా వస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1998 నవంబరు 22న ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత ఈ కారిడార్ వేలమంది ఆడపిల్లలకు జీతాన్నీ, సొంత గదినీ, పెళ్లిని వాయిదా వేసుకునే ధైర్యాన్నీ ఇచ్చింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కాంప్లెక్స్ అంతా చెడ్డదే అని చెప్పి ఇంటికి పొమ్మనడం స్త్రీవాదం కాదు.

కాని భైరవని ఒకసారి గమనించండి. అతను క్రూరుడు కాదు. ఒక్క సీటు దొరికితే చాలనుకున్నవాడు. ముందు నన్ను లోపలికి రానివ్వండి, తరువాత చూద్దాం అన్న ఆలోచన అతనిది. మనని లొంగదీసే ఆశ కూడా ఇంత చిన్నదే. ప్రమోషన్ అయ్యేదాకా మాట్లాడొద్దు. ఆన్‌సైట్ ఖాయమయ్యేదాకా సాక్ష్యం చెప్పొద్దు. పక్క టీములో అమ్మాయి గర్భవతి అని తెలియగానే ప్రాజెక్టు నుంచి తప్పించారా? మనకెందుకు. రాత్రి బాత్రూములు కడిగే ఆవిడని సూపర్‌వైజర్ వేధిస్తున్నాడా? ఆమె మన కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి.

చట్టం అలా చెప్పడం లేదు. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టు కార్మికులనూ రోజుకూలీలనూ ట్రెయినీలనూ కలుపుకునే ఉద్యోగి అంటే ఎవరో నిర్వచించింది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న ప్రతి పనిస్థలంలో అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షత స్త్రీదే, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఫిర్యాదుకి మూడు నెలల గడువు. తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి వచ్చిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవునీ, 50 మంది ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రాన్నీ తప్పనిసరి చేసింది. ఇవి ఎవరో మహావీరుడు మనసు మార్చుకుని ఇచ్చినవి కావు. స్త్రీలు ఏళ్ల తరబడి వీధుల్లోనూ కోర్టుల్లోనూ కొట్లాడి సాధించుకున్నవి.

సినిమాలో సుమ్-80ని కాంప్లెక్స్ బయటివాళ్లు సుమతి అని పిలుచుకుంటారు. నెంబరుకి బదులు పేరు పెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది, కాని ప్రతిఘటన అక్కడే మొదలవుతుంది. మీ అంతస్తు ఊడ్చే ఆవిడ పేరు తెలుసుకోండి. మీ అంతర్గత కమిటీ సభ్యులెవరో ఆమెకి తెలుగులో చెప్పండి, ఫోన్ నెంబరు రాసివ్వండి. కమిటీకి వచ్చిన బయటి సభ్యురాలు నిజంగా బయటి మనిషేనా అని అడగండి. ఒక్కరే అడిగితే ఉద్యోగానికి ముప్పు రావచ్చు. పదిమంది కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఎంపికైన వీరుడు ఒకడే చీకటిని జయిస్తాడని ఆ కథలు చెప్తాయి. పటాన్‌చెరు అనుభవం అలా చెప్పడం లేదు. అక్కడ చీకటిని నిలదీసింది ప్రశ్నలు అడిగిన కొందరు మామూలు ఆడవాళ్లు, కలిసికట్టుగా.