జీవావరణవిద్య – మన విద్యానిధి



ఈ మహాసభయందు విద్యావిషయమున నొక యుపన్యాసము చేయుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. సంస్కృతము చదివినవారము గనుక ఏ కావ్యమును గూర్చియో ప్రసంగింతుమని వారు తలచి యుందురు. మేము చెప్పబోవునది నాచును, పురుగులను, బురదగుంటలను గూర్చిన విద్య. పోయిన యేట నిధిసంఘమున ఈ మాట వినబడగానే అందఱును నవ్విరి. ఆ నవ్వినవారిలో మేమును ఒకరము.

జరిగినది మనవి చేయుదుము. వృక్షశాస్త్రమున ఎమ్మెస్సీ ప్రథమశ్రేణిలో నుత్తీర్ణురాలైన మన బాలిక యొకతె అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జీవావరణశాస్త్రపరిశోధనకు ప్రవేశము సంపాదించి, విమానపు ఖర్చులకును, వీసాకును, మొదటినెల యింటి యద్దెకును అప్పు కోరినది. తండ్రి చిన్న కిరాణాకొట్టు నడుపువాడు. మన నిబంధనలయందు "వృత్తివిద్యలకు మాత్రమే" యని యున్నది. వైద్యము కాదు, ఇంజనీరింగు కాదు, గడ్డి లెక్కించు చదువునకు డబ్బేల యని త్రోసివేసితిమి. ఏప్రిల్ 15వ తేది లోపల సమ్మతి తెలుపవలసియుండెను, తెలుపలేకపోయినది. ఒక సంవత్సరము పోయినది.

తరువాత నామె మా యింటికి వచ్చి, నిష్ఠురముగా నొక్క మాటయు ననక, "మాస్టరుగారూ, ఆ చదువేమో ఒకసారి వినుడు" అనినది. వింటిమి. ఆమె చెప్పినదానిని, పిమ్మట మేము చదివి తెలిసికొన్నదానిని ఇచట విన్నవించుచున్నాము.

ఈ శాస్త్రమునకు 1866 సంవత్సరమున జర్మనుపండితుడు ఎర్నెస్ట్ హెకెల్ "ఎకాలజీ" యను పేరిడెను. గ్రీకుభాషలో "ఓయికోస్" అనగా ఇల్లు. మాకు వెంటనే మన "ఓకస్" శబ్దమును, వనౌకసులు, దివౌకసులు నను ప్రయోగములును తోచి పొంగిపోతిమి. కాని యది ధ్వనిసామ్యము మాత్రమే; దానికి నిజమైన జ్ఞాతి మన "వేశ" శబ్దమని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. పండితుల పొంగు ఇట్లే చల్లారుచుండును. ఎట్లైనను అర్థము ఇల్లే. ప్రాణి యుండు నింటిలో ఎవ రెవరిని తిని బ్రదుకుచున్నారను లెక్కయే ఈ శాస్త్రము.

ఆ విశ్వవిద్యాలయముననే రేమండ్ లిండెమన్ అను యువకుడు చదివెను. జననము 1915. ఒక కంటి చూపు సరిగా లేదు. మినియాపొలిస్ నగరమునకు ఉత్తరమున సీడర్ బాగ్ అను చిన్న చెఱువు గలదు. లోతు సుమారొక మీటరు. పూడిపోవుచున్న ముదుసలి చెఱువు. భార్య ఎలియనార్ తోడు రాగా నతడు దానిని ఐదేండ్లు శోధించి, నాచును, నీటిమొక్కలను, పురుగులను, చేపలను, బురదలోని సూక్ష్మజీవులను లెక్కించెను. సూర్యరశ్మినుండి మొక్క గ్రహించిన శక్తిలో మొక్కను తిన్నదానికి ఎంత చేరును, దానిని తిన్నదానికి ఎంత చేరును అని అతని ప్రశ్న. బడులలో "పదింట నొకటి" యని అతని పేర మనవారు వల్లె వేయించుచున్నారు. ఆ చెఱువున నతనికి దొరకిన లెక్కలు నూటికి 13.3, 22.3, పదియను సంఖ్య తరువాతివారి సౌకర్యార్థమైనది.

1941లో డాక్టరు పట్టము పొంది, యేల్ విశ్వవిద్యాలయమున హచిన్‌సన్ పండితుని యొద్దకు పోయి, తన సిద్ధాంతమును వ్యాసముగా వ్రాసెను. పరీక్షింప బంపగా, సరోవరశాస్త్రమున పేరుగన్న పెద్దలిద్దఱు, ఇంత సిద్ధాంతమునకు తగిన యాధారము లేదని వలదనిరి. హచిన్‌సన్ పట్టుబట్టి వ్రాయగా సంపాదకుడు థామస్ పార్క్ తుద కంగీకరించెను. వ్యాసము 1942 అక్టోబరులో వెలువడినది. లిండెమన్ అంతకుముందే, జూను నెలలో, ఇరువదియేడేండ్లైన నిండకయే కాలేయవ్యాధిచే మరణించెను. ఆ పెద్దలను తప్పుపట్టుటకు మా నోరు రాదు. మేము మఱింత చిన్న విషయమున, ఏమియు చదువకయే, కాదంటిమి.

ఆ చెఱువున్న సీడర్ క్రీక్ ప్రదేశము నేటికిని విశ్వవిద్యాలయపు పరిశోధనక్షేత్రము. 1988లో కఱవు వచ్చినప్పుడు, పెక్కు జాతుల మొక్కలున్న మళ్లు తక్కువ దెబ్బతినెనని డేవిడ్ టిల్మన్ పండితుడు కనుగొనెను. 1994 నుండి 168 మళ్లలో ఒకటి మొదలు పదునాఱు జాతులవఱకు విత్తి చూచుచున్నారు. అక్కడ కలుపు చేతితోనే తీయవలెను. ఆ పని విద్యార్థులది.

ఇక ధనము మాట. ఇంజనీరింగు ఎం.ఎస్.కు పోవు బాలుడు తఱచు జీతమంతయు తానే కట్టుకొనవలెను. ఈ శాస్త్రమున డాక్టరు పట్టమునకు పోవువారికి సాధారణముగా విశ్వవిద్యాలయమే జీతము మాఫీ చేసి, క్రిందితరగతులకు బోధించినందుకో, పరిశోధనలో సాయపడినందుకో భృతి యిచ్చును. శిష్యుడే తగిన గురువును వెదకి, ముందుగా జాబు వ్రాసి, అంగీకారము పొందవలెను. రెండు మూడేండ్లకు పండితమండలి యెదుట గట్టి మౌఖికపరీక్ష యుండును. మొత్తము ఐదాఱేండ్లు పట్టును. భృతి స్వల్పము, పిదప ఆచార్యపదవులు కొలదిగా నుండును. ఇది దాచుట తగదు. సముద్రము దాటనొల్లనివారికి బెంగుళూరు విజ్ఞానసంస్థలో 1983 నుండి ఈ విద్యాశాఖ కలదు.

ఈ చదువు మనకెందులకని పోయిన యేట నొక దాత ప్రశ్నించిరి. వారికి చేపలచెఱువులు కలవు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచునప్పుడు ప్రాణవాయువు తఱిగినదని ఏరేటర్లు త్రిప్పించుట వా రెఱుగుదురు. శీతకాలమున మంచుగప్పిన చెఱువులో ప్రాణవాయువు లేక జీవు లెట్లు వేగునో లిండెమన్ పరిశీలించెను. మన కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ జాబితా కెక్కినది. 2006లో అందలి చేపలచెఱువుల గట్లు తెగగొట్టిరి. అపుడు బ్రదుకుతెరువు పోయినవారి దుఃఖమును మేము చూచితిమి. సరస్సు ఎంతవఱకు ఓర్చునో ముందుగా లెక్కగట్టి చెప్పగలవారు ఆ యూళ్ల బిడ్డలలో నుండిన బాగుండెడిది.

ఆ బాలిక ఈ యేడు మరల ప్రవేశము పొందినది. గడువు మరల ఏప్రిల్ 15. అడిగిన యప్పు నిరుటిదే. నిబంధనలోని "మాత్రమే" యను నొక్క పదమును తొలగింపుడని మేము తీర్మానము వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. రాత్రి భోజనానంతరము నిధిసంఘము కూడును. ఆమె తండ్రి కొట్టు మూసికొని వచ్చి వెనుకవరుసలో కూర్చుండియున్నారు.