తుఫాను కబురు వచ్చాక మనకు మిగిలే గంటలు

(చిలకలూరిపేటలో ఇటీవల జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

తుఫాను సమయంలో ఇల్లు విడిచి ఎప్పుడు కదలాలన్న విషయంపై నేను మాట్లాడబోతున్నానని తెలిసి ఒక మిత్రుడు నవ్వారు. “మన పేటలో సముద్రమెక్కడుంది సాహెబ్ గారూ? అది చీరాల వాళ్ళూ బాపట్ల వాళ్ళూ ఆలోచించవలసిన సంగతి కదా” అన్నారు. నిజమే, సముద్రం మనకు నలభై కిలోమీటర్లకు పైనే ఉంది. ఉప్పెన మన వీధికి రాదు. కానీ గాలికీ వానకూ ఆ దూరం ఒక లెక్క కాదు. ఓగేరు, కుప్పగంజి వాగులకు అసలే కాదు. వాగు గట్టున రేకుల ఇళ్ళు వేసుకున్నవారిలో మనవాళ్ళు ఎందరున్నారో ఇక్కడ కూర్చున్న మీకు నేను చెప్పనవసరం లేదు.

1977 నవంబరు 19, శనివారం. బక్రీదుకు ఇంకా రెండు మూడు రోజులుంది. అప్పటికి నాకు పదహారేళ్ళు. పండుగ కోసం తెచ్చిన మేకపిల్ల వసారాలో కట్టేసి ఉంది. తుఫాను చీరాల దగ్గర తీరం దాటిందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రి తెలిసిందల్లా గాలి ఒక్కటే. ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మా అమ్మ పక్కనున్న మేడ ఇంటికి పోదామంటుంది. మా నాన్న “కొంచెం తగ్గనీ, చూద్దాం” అంటారు. తగ్గలేదు. చివరకు వెళ్ళనే వెళ్ళాం, కానీ చీకట్లో, పెంకులు ఎగురుతున్న వేళ, నా చెల్లెలిని పరుపులో చుట్టి మోసుకుంటూ. సాయంత్రం అసర్ నమాజు వేళకే కదిలి ఉంటే ఆ నాలుగడుగులూ మామూలుగా నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ రాత్రే దివిసీమలో ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివారు ఈనాటికీ అంటారు.

పదమూడేళ్ళ తర్వాత, 1990 మే 9న, దాదాపు అంత బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరాన్ని తాకింది. ఆ తుఫానులో చనిపోయినవారు వెయ్యిమందిలోపే. అదీ తక్కువ సంఖ్యేమీ కాదు. కానీ ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడా గాలి దయవల్ల వచ్చింది కాదు. ముందే లక్షన్నరకు పైగా జనాన్ని తీరం నుంచి తరలించడం వల్ల వచ్చింది.

ఆ తరలింపులో నాకూ ఒక చిన్న పాత్ర ఉంది. తీరప్రాంతపు మండలంలో జూనియర్ అసిస్టెంటుగా ఉండేవాడిని. జీపులో పల్లెలకు వెళ్ళి జనాన్ని బయలుదేరదీయమని మమ్మల్ని పంపారు. ఒక పల్లెలో ఒక పెద్దాయన వల పక్కన కూర్చుని లేవనంటాడు. “అయ్యా, నిరుడు కూడా ఇట్లాగే చెప్పారు. బడిలో రెండు రోజులు కూర్చోబెట్టారు. తుఫాను రాలేదు. వచ్చేసరికి నా కోళ్ళు పోయినాయి, రెండు రోజుల వేట పోయింది. ఆ డబ్బులు ఎవరిస్తారు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మూర్ఖుడని మా జీపులో ఒకరన్నారు. నాకట్లా అనిపించలేదు. ఆయన ఖర్చు లెక్కవేస్తున్నాడు. మేము దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇల్లు కదలడమంటే పేదవాడికి రెండు రోజుల కూలి, దొంగల భయం, మేకలు, కుట్టుమిషను, అద్దెకు తెచ్చిన ఆటో. చివరకు ఆయన కోళ్ళను రెండు గంపల్లో పెట్టి జీపులో ఎక్కించాక ఆయనా ఎక్కాడు. నాలుగు గంపల ఎరువు బస్తాలకన్నా ఆ రెండు గంపల కోళ్ళు ఎక్కువ ప్రాణాలు కాపాడాయని నేననుకుంటాను, ఎందుకంటే ఆయన ఎక్కగానే ఆ వరుసలోని ఇళ్ళవాళ్ళంతా ఎక్కారు.

కాబట్టి హెచ్చరిక రాగానే కదలనివారిని తిట్టకండి. వారికి ఏది అడ్డమో అడగండి.

ఇప్పుడు హెచ్చరికల సంగతి. 1977లో మన దగ్గర ఉన్నది ట్రాన్సిస్టరు. ఈనాడు వాతావరణ శాఖ నాలుగు అంచెలుగా చెబుతుంది. తీరానికి ప్రమాదం ఉండవచ్చని 72 గంటల ముందు మొదటి మాట. కనీసం 48 గంటల ముందు అలర్ట్, దానికి పసుపు రంగు. 24 గంటల ముందు వార్నింగ్, నారింజ రంగు. కనీసం 12 గంటల ముందు, తుఫాను తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో చెప్పే సూచన, ఎరుపు రంగు. ఈ చివరిదే మనకు ముఖ్యం. మనం లోపలి జిల్లా వాళ్ళం కదా. అయితే మనలో చాలామంది ఎరుపు రంగు వచ్చేదాకా కదలరు, అది వచ్చేసరికి ఆటోలు దొరకవు.

పేర్ల గురించి ఒక మాట. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే దాన్ని తుఫాను అని పిలిచి పేరు పెడతారు. 89 అయితే తీవ్ర తుఫాను, 118 అయితే అతి తీవ్ర తుఫాను. పేర్లను ఈ సముద్రాల చుట్టూ ఉన్న దేశాలు వంతులవారీగా ఇస్తాయి. 2010 మే నెలలో బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా పేరు పాకిస్తాన్ ఇచ్చింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. హుద్‌హుద్ అంటే ప్రవక్త సులైమాన్ కొలువులో లేకుండా పోయి, తర్వాత నిశ్చితమైన వార్తతో తిరిగి వచ్చిన పక్షి. ఆ పక్షి తెచ్చిన వార్తను కూడా ఆయన వెంటనే నమ్మలేదు, నిజమో కాదో చూస్తానన్నారు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి గాలివార్తనూ పది గ్రూపులకు పంపే మన కుర్రవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే నాకు సంతోషం. వాతావరణ శాఖ మాటా, విపత్తుల నిర్వహణ సంస్థ మాటా, ఈ రెండూ చాలు.

అయితే పేరు పెట్టని వాయుగుండం మనల్నేమీ చేయదని అనుకోకండి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట విజయవాడలో ఏం జరిగింది? అది తుఫాను కానే కాదు. వాయుగుండం, అదీ దూరాన కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కానీ బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. అంతకు ముందు 2012లో నీలం తుఫాను తమిళనాడులో మహాబలిపురం దగ్గర తీరం దాటితే, తర్వాత వరదలు మన కోస్తాలో వచ్చాయి. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అది మనకు ఎంత దూరం! అయినా పత్తి చేలల్లో నీళ్ళు నిలిచింది మీరంతా చూశారు. తీరం ఎక్కడ దాటుతుందన్న ఒక్క ప్రశ్నతో మన పని తీరదు. ఎంత వాన, ఎన్ని గంటలు, వాగులోకి పైనుంచి ఎంత నీరు అన్నవి అడగాలి.

మరి ఎప్పుడు కదలాలి? నేను ఆఫీసులో గుమాస్తా పని చేసినవాణ్ణి, నాకు తెలిసింది లెక్కే. వెనక నుంచి లెక్కవేయండి. గాలి బలంగా వీచే గంట ఏదో హెచ్చరికలో చెబుతారు. దానికి ఆరు గంటల ముందే ఆటోలు ఆగిపోతాయనుకోండి. ఆ ఆరు గంటల్లో చీకటి పడితే మగ్రిబ్ వేళను మీ ఆఖరి గడియగా పెట్టుకోండి. ఇంట్లో మంచం పట్టిన పెద్దలుంటే మరో మూడు గంటలు తీసేయండి. నెలలు నిండిన ఆడపడుచు ఉంటే రోజు ముందే ఆసుపత్రికి దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికి పంపండి. ఇట్లా తీసేస్తూ పోతే, 24 గంటల హెచ్చరికలో మీకు మిగిలేది ఐదారు గంటలు మాత్రమే. ఆ గంటల్లో కాగితాలు వెతుక్కుంటూ కూర్చుంటే అవీ పోతాయి. అందుకే పసుపు రంగు రోజునే సామాను సర్దాలి, నారింజ రంగు రోజున కదలాలి. ఒకవేళ తుఫాను పక్కకు తిరిగిపోతే ఒక రోజు కూలి పోతుంది. ఆ నష్టాన్ని కమిటీ నిధి నుంచి ఇద్దామని నా ప్రతిపాదన. పల్లెలో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు ముప్పై అయిదేళ్ళ తర్వాత నాకు దొరికిన జవాబు ఇదే.

మన దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా మూడు చోట్ల. తడిసి బరువెక్కిన మట్టిగోడ కింద. తెగిపడిన కరెంటు తీగ మీద. చప్టా మీద పారే నీటిలో. మోకాలి లోతే కదా అని మోటారు సైకిలు దింపినవాళ్ళను నీళ్ళు తోసేస్తాయి. వాగు దాటి వెళ్ళాల్సిన పని ఉంటే అది వాన మొదలు కాకముందే అయిపోవాలి.

ఇక మన ఆడవారి సంగతి చెప్పాలి. పునరావాస కేంద్రమంటే సాధారణంగా బడి. అక్కడ మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉండదు, ఆడవాళ్ళకు వేరే గది ఉండదు, ఆహారం ఎవరు వండారో తెలియదు. “నేను రాను, ఇంట్లోనే ఉంటాను” అని మన తల్లులు అనడానికి అదే కారణం. బంగ్లాదేశ్‌లో 1991 ఏప్రిల్ 29 తుఫానులో లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఆడవారు, పిల్లలు ఎక్కువ. ఆశ్రయాలకు వెళ్ళడానికి జంకి, ఇంటి మగవారి మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోయినవారు ఎందరో. ఆ దేశం 1970 నాటి మహా ఉప్పెన తర్వాతే వాలంటీర్ల వ్యవస్థ ఏర్పరచుకుంది. ఇప్పుడు ఆ వాలంటీర్లలో సగం మంది ఆడవారు. ఇంటి లోపలికి వెళ్ళి పిలవగలిగేది వారే. 2007లో సిద్ర్ అనే ఇంకో మహా తుఫాను వచ్చినప్పుడు మృతుల సంఖ్య వేలల్లోనే ఆగింది. మన వీధుల్లో కూడా ఇంటింటికీ వెళ్ళే పని ఆడపిల్లలకు అప్పగించండి. మన మసీదు మైకు మగవారి చెవులకు చేరుతుందేమో గానీ, వంటగదిలో ఉన్న నానీమాకు నమ్మకం కలిగించలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు ఉదయమే నాకు విషయం తెలుసు. మైకులో చెప్పించమని కుర్రవాళ్ళు అడిగారు. నేను ఆగమన్నాను. రాకపోతే నవ్వుతారని భయం. అంతకు ముందు ఒకసారి చెప్పి, ఏమీ జరగక, టీ కొట్టు దగ్గర ఎగతాళి పడ్డాను. చివరకు ఇషా నమాజు తర్వాత చెప్పించాను. అప్పటికే వాన పట్టుకుంది. వాగు పక్కన ఒక దూదేకుల కుటుంబం ఉంది, పరుపులు కుట్టి బతికేవారు. ఆ ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉన్నారు. ఆయనను అర్ధరాత్రి మోకాలి లోతు నీళ్ళలో నలుగురు కుర్రవాళ్ళు మంచంతో సహా మోసుకొచ్చారు. ప్రాణం దక్కింది, అల్హమ్దులిల్లాహ్. కానీ ఇంటి నిండా ఉన్న దూది తడిసి ముద్దయింది. అది వాళ్ళ సొంతం కాదు, షావుకారు దగ్గర అరువుకు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికి వాళ్ళకు ఏడాది పట్టింది. నేను ఉదయమే చెప్పించి ఉంటే, ఆ దూదిని ఒక్క ఆటోలో పై వీధికి చేర్చేవాళ్ళు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉంది.

కాగితాల విషయం. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆ సంచిని వెంట తీసుకువెళ్ళాలి. కౌలుకు పత్తీ మిర్చీ వేసినవారు సాగుదారు హక్కు కార్డు తీసుకోండి, ఈ-క్రాప్‌లో పంట నమోదు చేయించండి. పంట 33 శాతం, అంతకు మించి నష్టపోతేనే పెట్టుబడి రాయితీ వర్తిస్తుంది. కాగితం లేనివాడి చేను నూటికి నూరు పాళ్ళూ పోయినా లెక్కలోకి రాదు. తుఫానుకు ముందు చేను, ఇల్లు ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత మళ్ళీ తీయండి.

అట్లాగే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షను అని ఒకటి ఉంది. సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదని అది చెబుతుంది. ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం విషయంలో కనీస ప్రమాణాలు ఉండాలని 12వ సెక్షను చెబుతుంది. ఆడవారికి వేరే గది, గడియ ఉన్న మరుగుదొడ్డి కావాలని అడిగితే అది దయ కోరడం కాదు. అయితే ఆ కోరిక తుఫాను రోజున కాక, ఎండాకాలంలోనే, రాతపూర్వకంగా, రసీదు తీసుకుని అడగాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా అర్జీలు తీసుకున్న బల్లకు అవతల కూర్చున్నాను. తేదీ వేసి, ముద్ర వేయించుకున్న అర్జీకి ఉండే విలువ నాకు బాగా తెలుసు.

ఈ గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు పెట్టించాను. వాగు పక్క ఇళ్ళలో ఎవరెవరు ఉన్నారో, వారిలో నడవలేనివారు ఎవరో, ఆటో ఎవరి దగ్గర ఉందో, పై వీధిలో ఎవరి ఇంట్లో ఎందరికి చోటు దొరుకుతుందో అందులో రాయాలి. మొదటి పేజీలో ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి. బయటికి వెళ్ళేటప్పుడు మీకు తెలిసినవారి పేర్లు కూడా రాసి వెళ్ళండి. పెన్ను దారంతో కట్టే ఉంది.