ఆప్రాన్ల ఆర్డరు: ఈసారి కళ్లారా చూసి ఇచ్చాం
(మండల సమాఖ్య మహాసభలో కొనుగోలు కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మా కమిటీ చేసిన కొనుగోళ్లలో ఒక్కదాని గురించి చెప్తాం. మేళాల్లో, సంతల్లో మన పచ్చళ్లు, పొడులు, జొన్న మురుకులు అమ్మే అక్కలు చీర మీద వేసుకునే ఆప్రాన్లు. చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ పోయినసారి వాటి మీద పోయింది మనందరి డబ్బు.

అప్పుడేం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక మధ్యవర్తికి ఫోన్లోనే ఆర్డరు చెప్పాం. డబ్బంతా ముందే కట్టేశాం. సరుకు వచ్చాక చూస్తే ‘సమాఖ్య’లో ‘ఖ్య’ విడిపోయి, ‘ఖ్’ ఒకచోట, ‘య’ ఒకచోట పడ్డాయి. నాలుగు ఉతుకులకే ప్రింటు పెచ్చులూడింది. మేళాకు వచ్చినవాళ్లు “ఏ సంఘమమ్మా మీది?” అని అడుగుతుంటే తలదించుకున్నాం. తిరిగిద్దామంటే చేతిలో ఒక్క కాగితం లేదు.

అందుకని ఈసారి కమిటీలో ఐదుగురం టౌన్లో ఉన్న గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లాం. ముందు కటింగ్ బల్ల. బట్టను పొరలు పొరలుగా పరిచి మిషనుతో ఒకేసారి కోస్తున్నారు. తర్వాత కుట్టుమిషన్ల వరుసలు. ఒకరు జేబు, ఒకరు అంచు, ఒకరు నాడా. చివర్లో ప్రింటింగ్. సన్నటి జాలీ బిగించిన ఫ్రేమును బట్ట మీద పెట్టి, రబ్బరు పలకతో ఇంకు లాగుతున్నారు. దాన్నే స్క్రీన్ అంటారు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. ఇరవై చేయించినా రెండొందలు చేయించినా స్క్రీన్ తయారీ ఖర్చు అంతే. అందుకే తక్కువ చేయిస్తే ఒక్కోదానికి రేటు ఎక్కువ పడుతుంది. ఇంకు పైకి ఆరినట్టు కనిపిస్తే చాలదట. ప్లాస్టిసాల్ ఇంకు అయితే దాదాపు 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. లేకపోతే ఉతుకులకు ఊడిపోతుంది.

ఇక బేరం. 140 ఆప్రాన్లు కదా, ఒక్కోదానికి పదిహేను రూపాయలు తగ్గించమని గట్టిగానే అడిగాం. యజమాని “సరేనమ్మా, కుట్టుకూలిలో సర్దుతాలెండి” అన్నాడు. మిషను మీదున్న ఒక చెల్లెలు తలెత్తి మావైపు చూసింది. మాట్లాడితే తెలిసింది, ఆమెకు పీసు లెక్కన కూలి. పక్క మండలంలో పొదుపు సంఘం సభ్యురాలు కూడా. మాకు నోట మాట రాలేదు. ఆమె కూలిలో కోత పెట్టి మనం మిగుల్చుకోవడమా?

“కూలి ముట్టుకోవద్దు, ఇంకెక్కడ తగ్గుతుందో చెప్పండి” అన్నాం. మన గుర్తు మూడు రంగుల్లో ఉంది. ఒక్క రంగు చేస్తే రెండు స్క్రీన్లు తగ్గుతాయి, ప్రింటు పని కూడా తగ్గుతుంది. అలా పన్నెండు రూపాయలు తగ్గాయి. లోపలికెళ్లి పని చూడకపోతే ఈ దారి మాకు తట్టేది కాదు.

ముందు ఒక్క నమూనా చేసిమ్మన్నాం. మళ్లీ అదే తప్పు! యాభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్న మా కమిటీ అక్క వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి పట్టుకుంది. మనం పంపిన ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఒత్తులు ఒక్కోసారి చెదురుతాయట. అక్షరాలను బొమ్మగా మార్చి పంపితే చెదరవు. అలాగే పంపాం.

రెండో నమూనాను ఇంటికి తెచ్చి, నూనె, పసుపు పూసి ఐదుసార్లు బండ మీద ఉతికాం. ప్రింటు నిలిచింది గానీ పసుపు మరక పోలేదు. దాంతో లేత రంగు మానేసి, ముదురు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలతో ఇంకొకటి చేయించి, దాన్నీ ఉతికి చూశాకే సరే అన్నాం.

మీ సంఘాల్లో బ్యాగులు, చీరలు, టీషర్టులు ఏవి ప్రింటు చేయించినా ఇవి మరవకండి. నలుగురైదురు కలిసి వెళ్లండి. నమూనాను గట్టిగా చదవండి, ఉతకండి. నచ్చిన నమూనా మీద ఇద్దరి సంతకాలు పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి. బట్ట రకం, రంగు, సైజులు, ఎన్ని, ఏ తేదీకి, పాడైతే ఎవరు మార్చాలి, అన్నీ కాగితం మీద రాయించుకోండి. సగమే అడ్వాన్సు ఇచ్చి, మిగతాది లెక్కపెట్టి చూసుకున్నాక ఇవ్వండి. రెండు మూడు సంఘాలు కలిసి ఆర్డరిస్తే రేటు తగ్గుతుంది.

మనకొచ్చిన 140లో ఆరింటికి జేబులు వంకరగా ఉన్నాయి. కాగితం ఉంది కాబట్టి వారంలో మార్చిచ్చారు. ఆ కాగితం, బిల్లు, సంతకాల నమూనా సమాఖ్య ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఏ సభ్యురాలైనా వచ్చి చూడొచ్చు. అది మీ డబ్బు లెక్క.